మనిషి లేని స్టేషనుకు మహారాజశ్రీ

మహారాజశ్రీ మా ఊరి హాల్టు గారికి,

ఉభయకుశలోపరి. ఉభయ అని అలవాటుకొద్దీ రాశాను గానీ, తమరి వైపు క్షేమం చెప్పే మనిషే లేడు కదా.

తెనాలి నుంచి రేపల్లెకు 1916లో పట్టాలు పడ్డాయి. నూరేళ్ళు దాటిన లైను. ఇదే లైన్లో భట్టిప్రోలు ఉంది. అక్కడ దొరికిన రాతి పేటికల మీద రెండు వేల ఏళ్ళనాటి అక్షరాలను పండితులు ఇప్పటికీ చదువుతున్నారు. తమరి పేరు బోర్డు మీద మొన్న మొన్న వేసిన అక్షరాలే కూడబలుక్కోవాల్సి వస్తోంది. సముద్ర మట్టానికి తమరెంత ఎత్తులో ఉన్నారో మాత్రం కనిపిస్తుంది. రైలు మెట్టుకి ఎంత పల్లంలో ఉన్నారో కూడా రాయించుకోవాల్సింది. మా అమ్మమ్మ ఎక్కాలంటే పైనుంచి ఇద్దరు లాగాలి, కిందనుంచి ఒకరు నెట్టాలి. అంతా ఒక్క నిమిషంలో అయిపోవాలి.

ఒకప్పుడు తమరికీ ఒక మనిషుండేవాడు. రైల్వే ఉద్యోగి కాదు, కమీషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటు. అందరికీ బాబాయే. పెద్ద స్టేషన్ నుంచి టికెట్లు తెచ్చుకుని, బండి టైముకి సైకిలు దిగి, తాళం తీసి, అట్టముక్క టికెట్‌ను మిషన్లో పెట్టి టక్కున తేదీ గుద్ది ఇచ్చేవాడు. చిల్లర లేకపోతే "రేపిద్దువులే" అనేవాడు. ఇన్ని యాప్‌లు వచ్చాయా, ఒక్కటీ ఆ మాట అనదు. గిట్టుబాటు కాక ఆయన మానేశాడు. ఇప్పుడు ఆ గది ముందు పట్టా పరిచి మినుములు ఆరబోస్తున్నారు.

టికెట్ ఇచ్చేవాళ్ళు లేకపోతే గార్డుకి చెప్పి ఎక్కాలట. 2022 నుంచి ఆయన గార్డు కూడా కాదు, ట్రైన్ మేనేజర్. మేనేజర్ గారు చివరి పెట్టెలో, నేను ముందు పెట్టె దగ్గర. మినుములు తొక్కకుండా వెనక్కి పరిగెత్తాను. సగం దూరం వెళ్ళేసరికి ఆయనే పచ్చజెండా పట్టుకుని నా పక్కనుంచి వెళ్ళిపోయారు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఎక్కాను. దిగగానే నల్లకోటు ఆయన చెయ్యి చాపాడు.

"మా ఊళ్ళో టికెట్ ఇచ్చేవాళ్ళు లేరండీ."

"ఫోన్లో తీసుకోవచ్చుగా?"

తమరి వేపచెట్టు కింద ఫోన్లో సున్నా గిర్రున తిరుగుతూ ఉంటుందని ఆయనకెలా చెప్పను! జరిమానా 250, టికెట్ 10. ఆ పదైనా మామూలు పది కాదు. కరోనా తర్వాత ప్యాసింజరుకి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి 30 చేసి, 2024లో మళ్ళీ దించిన పది. పేరు పెట్టినన్నాళ్ళూ బండి మాత్రం పాత నడకే నడిచింది.

ఆ 260 రూపాయల్లో బాబాయికి కమీషన్ ఏమైనా వస్తుందేమో కనుక్కోండి.

ఈ ఉత్తరం టికెట్ కిటికీ కంతలోంచి లోపలికి వేస్తున్నాను. పోయిన దసరాకి వేసిన అర్జీ ఇంకా అక్కడే బోర్లా పడి ఉంది. దాని పక్కనే పడింది.

ఇట్లు,
తమరి ప్రయాణికుడు