తప్పులో ఎవరి వంతు ఎంత? అమెరికా రైల్వే లాయరు లెక్క

అమెరికాలో రైలు పట్టాల మీద పనిచేస్తూ గాయపడిన కార్మికుడు కేసు వేస్తే, విచారణ చివర జ్యూరీ చేతికి ప్రశ్నలున్న కాగితం ఒకటి ఇస్తారు. కంపెనీ నిర్లక్ష్యం ఉందా, కార్మికుడి నిర్లక్ష్యం ఉందా, మొత్తం నష్టం ఎన్ని డాలర్లు అన్నవి ఆ ప్రశ్నలు. వాటి నడుమ నింపాల్సిన ఖాళీలు రెండు ఉంటాయి. తప్పులో కంపెనీ వంతు ఎన్ని శాతం, కార్మికుడి వంతు ఎన్ని శాతం? కంపెనీ తరఫున ముప్పై నలభై ఏళ్లు వాదించిన లాయరు పోగేసుకున్న అనుభవమంతా ఆ రెండో ఖాళీలో పడే అంకె కోసమే పనిచేస్తుంది. నష్టం పది లక్షల డాలర్లని జ్యూరీ తేల్చినప్పుడు అక్కడ పది పడితే కార్మికుడి ఇంటికి తొమ్మిది లక్షలు వెళతాయి. నలభై పడితే ఆరు లక్షలే.

ఇలా ఎందుకంటే, మిగతా చాలా పరిశ్రమల కార్మికులకు పనిలో దెబ్బ తగిలితే తప్పెవరిదని అడగకుండానే రాష్ట్ర చట్టాలు పరిహారం ఇప్పిస్తాయి. రైల్వే కార్మికులకు ఆ ఏర్పాటు వర్తించదు. వారికి 1908లో వచ్చిన ఫెడరల్ ఎంప్లాయర్స్ లయబిలిటీ యాక్ట్ అనే కేంద్ర చట్టం వేరే ఉంది. పట్టాల మీద పనిచేసేవారూ వారి లాయర్లూ దాన్ని ‘ఫీలా’ అంటారు. దాని కింద పరిహారానికి నిర్ణీత పట్టిక లేదు, జ్యూరీ సబబనుకున్నంత ఇవ్వవచ్చు. కానీ కంపెనీ నిర్లక్ష్యాన్ని కార్మికుడే రుజువు చేసుకోవాలి. అందుకే ఇక్కడ ప్రతి గాయం ఒక దావా. ఆ దావాను ఎదుర్కోవడానికి ప్రత్యేకంగా తయారైన లాయర్ల వర్గమూ ఉంది.

ఆ చట్టం ఊరికే రాలేదు. 1842లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ముందుకు ఫార్వెల్ అనే ఇంజిన్ డ్రైవర్ కేసు వచ్చింది. బోస్టన్ అండ్ వూస్టర్ రైల్వేలో రోజుకు రెండు డాలర్ల జీతగాడు. తోటి ఉద్యోగి పట్టాలు మార్చే స్విచ్‌ను తప్పుగా వదిలేయడంతో బండి పట్టాలు తప్పింది, ఫార్వెల్ కుడి చెయ్యి నలిగిపోయింది. తోటి ఉద్యోగి తప్పుకు యజమాని బాధ్యుడు కాడని ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా తీర్పు చెప్పారు. ప్రమాదముందని తెలిసే అతను ఉద్యోగంలో చేరాడు, ఆ ప్రమాదానికి ధర జీతంలోనే కలిసి ఉంది అన్నది తర్కం. అర్ధ శతాబ్దానికి పైగా రైల్వే లాయర్ల అమ్ములపొదిలో ఇంతకు మించిన అస్త్రం లేదు. ఆ రోజుల్లో పెట్టెలను కలపాలంటే బ్రేక్‌మన్ రెండు పెట్టెల మధ్య నిలబడి, అవి దగ్గరయ్యే క్షణంలో ఇనుప లంకెను చేత్తో సర్ది మేకు దించేవాడు. రెప్పపాటు ఆలస్యమైతే వేళ్లు ఉండవు. వేళ్లు తెగిన చెయ్యి చూసి ఇతను పాతకాపు అని గుర్తుపట్టేవారు. 1889 జూన్‌తో ముగిసిన ఒక్క సంవత్సరంలో అమెరికా రైల్వేల్లో దాదాపు 2,000 మంది ఉద్యోగులు చనిపోయారు, 20,000 మంది గాయపడ్డారు. 1893లో సేఫ్టీ అప్లయన్స్ చట్టం వాటంతట అవే కలుసుకునే కప్లర్లను తప్పనిసరి చేసింది. 1908 చట్టం తోటి ఉద్యోగి సూత్రాన్ని పక్కన పెట్టింది. కార్మికుడి సొంత తప్పు ఉన్నంత మాత్రాన కేసు పోదని, ఆ మేరకు డబ్బు మాత్రమే తగ్గుతుందని చెప్పింది. ‘తెలిసే చేరాడు’ అన్న వాదన 1939 సవరణ దాకా కొన ఊపిరితో బతికింది.

ఆ తరువాత మిగిలిన ప్రశ్న కారణం గురించి. కంపెనీ తప్పుకూ గాయానికీ ఎంత దగ్గరి సంబంధం చూపించాలి? దీనికి జవాబు 1957లో రోజర్స్ అనే కూలీ కేసులో వచ్చింది. ఆర్కన్సాలో పట్టాల పక్కన కలుపును మంట పెట్టి కాల్చడం అతనికి అప్పగించిన పని. రైలు వస్తే పని ఆపి, చక్రాల దగ్గర వేడెక్కిన భాగాలేమైనా కనిపిస్తాయేమో చూడాలన్నది మరో ఆజ్ఞ. రైలు గాలికి మంటలు ఎగిసి మీదికొచ్చాయి. వెనక్కి తగ్గిన రోజర్స్ కల్వర్టు మీది వదులు కంకరపై కాలు జారి కింద పడ్డాడు. జ్యూరీ 40,000 డాలర్లు ఇచ్చింది, మిస్సోరీ సుప్రీంకోర్టు కొట్టేసింది, అమెరికా సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. యజమాని నిర్లక్ష్యానికి గాయంలో ఎంత స్వల్పమైన పాత్ర ఉన్నా చాలు అని జస్టిస్ బ్రెన్నన్ రాశారు. ఈ మాటను మార్పించాలని కంపెనీల లాయర్లు దశాబ్దాలు ప్రయత్నించారు. 2011లో సీఎస్ఎక్స్ అనే రైల్వే కంపెనీకి సంబంధించిన సీఎస్ఎక్స్ వర్సెస్ మెక్‌బ్రైడ్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్నే ఖాయం చేసింది. ఆ కేసు జ్యూరీ కూడా కార్మికుడి తప్పు మూడో వంతని లెక్కగట్టింది. 2,75,000 డాలర్లలో ఆ మేరకు కోత పడింది.

కారణం దగ్గర గెలిచే దారి ఇలా ఇరుకైపోయాక, కంపెనీ లాయరుకు మిగిలింది శాతమే. ఆ శాతాన్ని నిజాయితీగా సాధించే పద్ధతి ఒకటి ఉంది, దొడ్డిదారి ఒకటి ఉంది. ఈ రంగంలో ఒక లాయరు వృత్తిని తూచాల్సింది అక్కడేనని నా అభిప్రాయం.

నిజాయితీ పద్ధతి యార్డులో మొదలవుతుంది. రాత్రి షిఫ్టులో స్విచ్ లివర్ లాగుతుండగా కార్మికుడి భుజం పట్టేసిందనుకుందాం. మంచి లాయరు ఆఫీసులో కూర్చుని నివేదిక చదివి ఊరుకోడు. బూట్లు తొడుక్కుని అదే వేళకు అదే చోటికి వెళతాడు. కాలి కింద కంకర ఎంత ఉందో చూస్తాడు. ప్రధాన మార్గంలో బరువు మోయడానికి వేసే పెద్ద రాయి వేరు, మనుషులు నడిచే యార్డులో వేయాల్సిన చిన్న రాయి వేరు. చిన్న రాయి ఉండాల్సిన చోట పెద్ద రాయి పోశారంటే మడమ నిలవదు. మడమ నిలవకపోతే కాళ్ల బలంతో లాగాల్సిన లివర్‌ను భుజంతో లాగుతారు. స్విచ్ పట్టాలు జరిగే జారుడు పలకలకు నూనె చివరిసారి ఎప్పుడు పెట్టారో పుస్తకం తీసి చూస్తాడు. తానూ ఒకసారి లివర్ లాగి చూస్తాడు. కదలడానికి మొరాయించిందంటే కేసు అక్కడే సగం తేలిపోయింది. ఆ రాత్రే కంపెనీకి ఫోన్ చేసి రాజీకి సిద్ధపడమని చెప్పగలిగినవాడే ఈ వృత్తిలో పెద్దవాడు. లివర్ తేలిగ్గా కదిలి, కాలి కింద నేల బాగుండి, వెలుతురు సరిపోయి ఉంటే, అప్పుడు కార్మికుడి వంతు గురించి జ్యూరీని అడిగే హక్కు అతనికి వస్తుంది.

ఇది కొత్త నేర్పు కాదు. రైల్వే కంపెనీల కోసం వాదించినవారిలో అబ్రహాం లింకన్ ఒకరు. మిసిసిపీ నది మీద రాక్ ఐలాండ్ వద్ద కట్టిన తొలి రైలు వంతెనను 1856లో ఒక ఆవిరి పడవ ఢీకొని కాలిపోతే, మరుసటి ఏడాది షికాగోలో వంతెన కంపెనీ తరఫున నిలబడ్డారు. ఆయన వాదనలో అలంకారాలు తక్కువ. ప్రవాహం వేగమెంత, వంతెన కింది స్తంభం ఏ కోణంలో ఉంది వంటి లెక్కలే ఎక్కువ. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, వంతెన నిలిచింది.

దొడ్డిదారి పేరు నిబంధనల పుస్తకం. ప్రతి రైల్వే కంపెనీకీ భద్రతా నిబంధనల పుస్తకం ఉంటుంది. అందులో చాలా నిబంధనలు రక్తంతో రాసినవి, వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ వాటితోపాటు ‘ఎల్లవేళలా అప్రమత్తంగా ఉండాలి’, ‘సురక్షితమైన మార్గాన్నే ఎంచుకోవాలి’ లాంటి వాక్యాలు కూడా ఉంటాయి. గాయపడినవాడు, గాయపడ్డాడు కాబట్టే, ఆ వాక్యాలను ఉల్లంఘించినవాడవుతాడు. డిపొజిషన్‌లో, అంటే విచారణకు ముందు ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకునేటప్పుడు, లాయరు ఆ పేజీ తెరిచి, ‘ఈ నిబంధన మీకు తెలుసు కదా? దీని మీద పరీక్ష రాశారు కదా? ఆ రోజు పాటించారా?’ అని మెత్తగా అడుగుతాడు. ఇరవై ఏళ్లు సర్వీసు చేసిన మనిషి తలదించుకుని లేదండీ అంటాడు. ఆ ఒక్క జవాబుకు పాతిక శాతం పలుకుతుంది. ఇది అడ్డంగా అబద్ధం కాదు, అందుకే మరీ ప్రమాదకరం. కార్మికుడు ఏం చేసి ఉండాల్సిందో చెప్పలేని నిబంధనను అడ్డం పెట్టుకుని అతని తప్పును కొలవడం అన్యాయం. న్యాయమూర్తులు ఇలాంటి సాధారణ వాక్యాలను జ్యూరీ ముందు పెట్టనివ్వకూడదనే నేను వాదిస్తాను.

చట్టం తానే ఆ ఖాళీని మూసేసిన సందర్భమూ ఉంది. కప్లర్, బ్రేకు వంటి వాటిపై ఫెడరల్ భద్రతా చట్టాన్ని కంపెనీ ఉల్లంఘించడం గాయానికి దోహదపడితే, కార్మికుడి వంతు పేరుతో ఒక్క డాలరు కూడా తగ్గించడానికి వీల్లేదు.

లెవల్ క్రాసింగ్ కేసులు వేరే లోకం. అక్కడ వాది కార్మికుడు కాదు, కారు నడిపినవారో వారి కుటుంబమో. లాయరు బల్ల మీద ఉండేది ఇంజిన్ ముందు కెమెరా తీసిన దృశ్యం, వేగం, బ్రేకు వంటివి నమోదు చేసే ఈవెంట్ రికార్డర్ ఇచ్చిన అంకెలు. హారన్ రెండు దీర్ఘం, ఒకటి హ్రస్వం, మళ్లీ ఒకటి దీర్ఘం. క్రాసింగ్ చేరడానికి కనీసం పదిహేను సెకన్ల ముందు మొదలవ్వాలి. గంటకు 55 మైళ్ల వేగంతో వచ్చే గూడ్సు అత్యవసర బ్రేకు వేసినా ఆగడానికి మైలో అంతకు మించో పడుతుంది. దృశ్యంలో కారు పట్టాల మీదికి వస్తుంది, బ్రేకు పడిన గుర్తు రికార్డులో కనిపిస్తుంది, ఆ తరువాత ఇంజిన్ డ్రైవర్ చేయగలిగిందేమీ లేదు, చూడటం తప్ప. ఆ మనిషిని సాక్ష్యానికి సిద్ధం చేయాల్సింది కూడా ఈ లాయరే. డ్రైవర్ల వృత్తిలో ఇలాంటి అనుభవం ఒక్కసారితో ఆగకపోవచ్చు. ఆయన కోసం గట్టిగా నిలబడే లాయరును నేను గౌరవిస్తాను.

కానీ ఇక్కడా ఒక ముల్లుంది. టెనెసీలో 1993లో గేటూ దీపాలూ లేని క్రాసింగ్ వద్ద రైలు ఢీకొని ఒకరు చనిపోయారు. భార్య కేసు వేసింది. జ్యూరీ ఓపికగా లెక్క వేసి రైల్వే వంతు 70 శాతం, మృతుడి వంతు 30 శాతం అని తేల్చింది. 2000లో సుప్రీంకోర్టు నార్ఫోక్ సదరన్ వర్సెస్ షాంక్లిన్ తీర్పులో ఆ లెక్కను మొత్తంగా చెరిపేసింది. అక్కడి హెచ్చరిక బోర్డులను ఫెడరల్ నిధులతో పెట్టారు కాబట్టి, అవి చాలవంటూ రాష్ట్ర చట్టం కింద వాదించడానికి వీల్లేదన్నది కారణం. లాయర్ల కోణంలో అది మేధాపరమైన విజయం, కాదనను. ఆ క్రాసింగ్‌కు ఆ బోర్డులు సరిపోతాయా అన్న ప్రశ్నకు మాత్రం ఏ న్యాయస్థానమూ జవాబు చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

ఈ వృత్తిలో మరొకరికి లేని జ్ఞానం కంపెనీ లాయరుకు ఉంటుంది, అది నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. బాధితుడి లాయరుకు తన కక్షిదారు భుజం ఒక్కటే తెలుసు. న్యాయమూర్తికి తన ముందున్న ఫైలు తెలుసు. ఒకే రకం స్విచ్ దగ్గర పదేళ్లలో ఎన్ని భుజాలు పోయాయో, ఏ యార్డులో ఏ మలుపు దగ్గర మనుషులు పడిపోతున్నారో వరుసగా చూసేది కంపెనీ లాయరు. కేసులు చాలావరకు రాజీతో ముగుస్తాయి, రాజీ వివరాలు బయటికి రాకూడదన్న షరతు తరచూ ఉంటుంది. దాంతో ఆ జ్ఞానం బీరువాలోనే ఉండిపోతుంది. కక్షిదారు రహస్యాన్ని బయటపెట్టమని నేను అడగడం లేదు, అది వృత్తి ధర్మానికి విరుద్ధం. కానీ కక్షిదారుకే చెప్పడానికి అడ్డేముంది? లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో 2.1వది, సలహా ఇచ్చేటప్పుడు చట్టాన్నే కాక నైతిక, ఆర్థిక, సామాజిక విషయాలను కూడా లాయరు ప్రస్తావించవచ్చని స్పష్టంగా చెబుతోంది.

మరమ్మతు చేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందన్న భయం కంపెనీల్లో ఉంటుంది. కేసు తేలేదాకా ఆ చోటును ముట్టుకోవద్దని సలహా ఇచ్చే లాయర్లూ ఉంటారు. ఫెడరల్ సాక్ష్య నియమాల్లో 407వది ఆ భయాన్ని తీర్చడానికే ఉంది. ప్రమాదం తరువాత చేసిన మరమ్మతును నిర్లక్ష్యానికి రుజువుగా చూపడానికి వీల్లేదు. అంటే యార్డుకు వెళ్లొచ్చిన మరునాడు లాయరు కంపెనీకి ఒక ఉత్తరం రాయవచ్చు: అన్ని వైపులా ఫొటోలు తీయండి, కొలతలు రాసి పెట్టండి, వాది లాయరును పిలిచి చూపించండి, ఆ పైన పెద్ద రాయి ఎత్తేసి చిన్న రాయి పోయించండి, పలకలకు నూనె పెట్టించండి. జ్యూరీ ముందుకు కేసు వచ్చేలోపు ఆ లివర్‌ను ఇంకా ఎంతోమంది లాగుతారు.