ఫిర్యాదుల పెట్టె గారికి ఒక ఉత్తరం

పెట్టె గారూ, నమస్కారం.

ప్రిన్సిపాల్ గది పక్కన, సీసీ కెమెరాకి సరిగ్గా కింద తమరు కొలువైన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. చీటీ వేసేదెవరో ఆఫీసు రూమ్‌లో కనిపిస్తుంది, లంచ్ బెల్లయ్యాక ఆ వరండాలోనే కాపుకాసే గ్యాంగుకీ కనిపిస్తుంది, మరి మీ మీద ఎర్ర రంగుతో 'పేరు రాయనక్కర్లేదు' అని రాయించడం ఎందుకో. పైగా మా ఆరో తరగతివాడు మునివేళ్ల మీద నిలబడ్డా మీ నోరు అందదు.

స్కూళ్లలో ఏడిపించడాలూ కొట్టడాలూ ఆపడానికి కమిటీ వేయమని సీబీఎస్‌ఈ 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది కదా. మా స్కూల్లోనూ ఉంది, ఫ్రేమ్ కట్టించి మీ పక్కనే తగిలించారు. అందులో పేరున్న కౌన్సెలర్ మేడమ్ ఎప్పుడో మానేశారు, ఇప్పుడు ఆ పనీ పీఈటీ సారే చూస్తున్నారు (ఆయన కౌన్సెలింగ్ అంటే కొట్టినవాణ్నీ తిన్నవాణ్నీ కలిపి గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించడం).

మావాడికి 'సోడాబుడ్డి' అని పేరు పెట్టింది పిల్లలనుకుంటున్నారా? లెక్కల సారు. బోర్డు కనబడట్లేదా సోడాబుడ్డీ అని ఆయన అన్నారు, క్లాసంతా నవ్వింది, ఆ మర్నాటి నుంచి కళ్లజోడు దాచేయడం, బ్యాగు బాత్రూమ్‌లో పడేయడం. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్లో ఉంది సార్ అంటే, "అబ్బే, ప్రేమగా అంటామండీ" అన్నారు. ప్రిన్సిపాల్ మేడమేమో రెండు చేతులూ కలిస్తేనే కదండీ చప్పుడు, మీవాడు కాస్త సెన్సిటివ్ అని తేల్చేశారు. చివరికి సెక్షన్ మార్చింది మావాడికే! కొట్టినవాడు ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ కదా, వాణ్ని డిస్టర్బ్ చేయకూడదట. సర్క్యులర్లో వార్నింగ్ దగ్గర్నుంచి స్కూల్లోంచి తీసేయడం దాకా ఉంది, తన్నులు తిన్నవాణ్ని పక్క సెక్షన్‌కి తోయమని మాత్రం లేదు.

ఇక మీ తాళం సంగతి. తుప్పు పట్టింది సరే, చెవి ఎవరి దగ్గరుంది? అటెండర్ని అడిగితే మేడమ్ దగ్గరన్నాడు, మేడమ్ కరస్పాండెంట్ సార్ దగ్గరన్నారు, సార్ బెల్లు కొట్టి అటెండర్ని పిలిచారు. ఇన్‌స్పెక్షన్ ముందు రోజు ఆయా మిమ్మల్ని తడిగుడ్డతో తుడవడం మాత్రం చూశాను.

అందుకే ఏమీ అనుకోకండి, ఈ ఉత్తరం మీలో వేయట్లేదు. కరస్పాండెంట్ గారికి స్పీడ్ పోస్టులో పంపుతున్నా, కాపీ సీబీఎస్‌ఈ రీజనల్ ఆఫీసుకి. అందినట్టు ఎవరో ఒకరు సంతకం పెట్టక తప్పదు కదా.

ఇట్లు,
బి సెక్షన్‌లోకి వెళ్లిన ఓ పిల్లాడి నాన్న