ఏం పని చేశారని ఎవరూ అడగరు

డీజిల్ పొగ, ఆస్బెస్టాస్‌తో జబ్బుపడిన అమెరికా రైల్వే కార్మికులు ఫెలా (అక్కడి రైల్వే కార్మికుల పరిహారం కోసం 1908లో చేసిన చట్టం) కింద పరిహారం కోరవచ్చని మీ వ్యాసంలో రాశారు. గడువు సంగతి కూడా రాయాల్సింది. దావాకు మూడేళ్లే. కానీ చక్రాలు జారకుండా ఇంజన్ పట్టాలపై చల్లే ఇసుక దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చిన ఉరీ అనే రైలింజన్ ఫైర్‌మన్ కేసులో, జబ్బు బయటపడ్డాకే గడువు మొదలవుతుందని 1949లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఎంత న్యాయమైన మాట!

మహారాష్ట్రలోని మా బల్లార్షాలో రైల్వేలో రిటైరైన తెలుగు పెద్దలున్నారు. ఆయాసమని ఆసుపత్రికి వెళ్తే బీడీ తాగుతారా అంటారు, ఏ పని చేశారని అడగరు. మా బాబాయి ఆసుపత్రి చీటీల్లోనూ అంతే. మన వృత్తి వ్యాధుల పట్టికలోనూ సిలికోసిస్, ఆస్బెస్టాస్‌తో వచ్చే ఆస్బెస్టాసిస్ ఉన్నాయి. డాక్టరు ఆ పేరు రాయకపోతే పట్టిక ఎవరికోసం? దయచేసి సర్వీసు కాగితాలు, పాత ఎక్స్‌రేలు పారేయకండి.