కథలో చుక్క రాలిపోయింది

నిన్న రాత్రి కాగితం కోసే మెషీన్ మీద రెండు పొరల్లో "కథ" అని కట్ చేశాను. పై పొర అక్షరాలు, కింద వాటిని మోసే పట్టీ. మ్యాట్ (కాగితాన్ని పట్టి ఉంచే జిగురు పలక) మీంచి కార్డ్‌స్టాక్ (దళసరి కాగితం) లేపేసరికి థ పొట్టలోని చుక్క మ్యాట్‌కే అంటుకుపోయింది. చుక్క లేకపోతే థ కాస్తా ధ. అంత తంటాలు పడి నేను తయారుచేసింది "కధ" అన్నమాట. అందరి అక్షరదోషాలూ ఏరే నాకు ఇలాంటి శాస్తి జరగాల్సిందే.

మెషీన్‌ని తిట్టి లాభం లేదండీ. బ్లేడుకి చదువు రాదు, గీత కనిపిస్తే కోసేస్తుంది. మీ పదాన్ని ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో, అంచు గీతలు మాత్రమే చూపే అవుట్‌లైన్ మోడ్‌లో పెట్టి చూడండి. తెర మీద నిండుగా కనిపించిన అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కిన చోటల్లా లోపల గీతలు బయటపడతాయి. టెక్స్ట్‌ని పాత్‌గా, అంటే గీతల ఆకారంగా మార్చి, గ్రూపు విడదీసి, యూనియన్ చేస్తే (అన్నిటినీ ఒకే ఆకారంగా కలిపితే) తప్ప అవి పోవు. (మార్చేముందు ఒక కాపీ దాచుకోండి, తర్వాత స్పెల్లింగ్ దిద్దలేరు.) ఈపాటి పని కూడా చేయకుండా "కటింగ్‌కి సిద్ధం" అని ఫైళ్లు అమ్మేవాళ్లని ఏమనాలి? డబ్బులు పోసి కొని, మళ్లీ నేనే కూర్చుని వెల్డ్ (అదే, యూనియన్) చేసుకున్నాను.

ఈ పని నేర్పే ఇంగ్లిష్ పాఠాలు మనకి సగమే పనికొస్తాయి. వాళ్లు కలిపిరాత అక్షరాలని దగ్గరికి జరిపి అతికిస్తే, ఐ మీదా జె మీదా చుక్కలు తప్ప విడి ముక్కలుండవు. మన "అమ్మ"లో అ ఒక ముక్క, మ ఒక ముక్క, కింద ఒత్తు ఇంకో ముక్క. కొన్ని ఫాంట్లలో తలకట్టు కూడా విడిగా ఎగురుతుంటుంది.

అందుకే నా గోల ఒక్కటే. అడుగు పొరని నీడ అనీ అలంకారం అనీ అనకండి. పదాన్ని పదంగా నిలబెట్టేది అదే, డిజైన్ అక్కడే మొదలవ్వాలి. క్రికట్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ డిజైన్ స్పేస్‌లో 2021లో ఆఫ్‌సెట్ (ఆకారం చుట్టూ కాస్త ఎడంగా అంచు గీసిపెట్టే సదుపాయం) వచ్చినప్పటి నుంచీ చాలామంది పైన సోకులన్నీ చేసి, చివర్లో ఒక్క నొక్కు నొక్కి వదిలేస్తున్నారు. నేను ఇంక్‌స్కేప్‌లో లింక్డ్ ఆఫ్‌సెట్ వాడతాను. అక్షరాల పాత్‌ని సవరిస్తే దాని వెనకే పట్టీ కూడా మారుతుంది. ఒత్తు వచ్చి పట్టీలో కలిసేదాకా వెడల్పు పెంచుతాను. అప్పటికీ అక్షరాల మధ్య సూదిబెజ్జాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. వాటిని బ్రేక్ అపార్ట్ చేసి (విడి ముక్కలుగా విడదీసి) తీసేయాలి, ఉంచితే బ్లేడు అక్కడే కాగితాన్ని పీకుతుంది.

కింది పొరలో అక్షరాల మేర తొలిచేయడం కాగితానికి దండగ పని. ఇస్త్రీతో అతికే వినైల్‌కైతే ఒప్పుకుంటాను, పొరలు పెరిగితే బట్ట అట్టలా అవుతుంది మరి. కానీ అంచుకి అంచు పెట్టకండి, పొరల మధ్య ఒక మిల్లీమీటరైనా అతివ్యాప్తి ఉండాలి. లేకపోతే సందుల్లోంచి బట్ట తొంగిచూస్తుంది.

సైజు గొడవ కూడా ఉంది. అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన గీసిన ఫైలుని 96 లెక్కన చదివే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే 10 సెంటీమీటర్ల పదం 7.5 అయి కూర్చుంటుంది. ఒక పొర అక్కడా ఒక పొర ఇక్కడా చేశారో, ఇక అంతే.

ఇంకోటి, అక్షరాలు తీశాక మిగిలిన కార్డ్‌స్టాక్‌ని పారేయకండి. దాన్ని పట్టీ మీద పరిచి ఆ ఖాళీల్లోనే ముక్కలు దించితే ఒత్తు కచ్చితంగా దాని చోట్లోనే పడుతుంది. ఈ ఉపాయం నాకు నిన్న రాత్రి గుర్తొచ్చేసరికి ఆ కాగితం చెత్తబుట్టలో ఉంది. చుక్కని ట్వీజర్‌తో పట్టుకుని కంటి అంచనాతో అతికించాను. కాస్త ఎడమకి పోయింది.