పోటీని ఆపే అంకె ఎవరి చేతిలో ఉంది?

2026 జనవరిలో ఢిల్లీలో జరిగిన ఇండియా ఓపెన్ బ్యాడ్మింటన్ గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పనక్కర్లేదు. కోర్టులో పిట్ట రెట్ట పడి ఆట ఆగడం, గ్యాలరీలో కోతి, డెన్మార్క్ క్రీడాకారిణి మియా బ్లిక్‌ఫెల్ట్ ఫిర్యాదులు, అన్నీ వాట్సాప్‌లో అందరం చూశాం. కొందరు నవ్వుకున్నారు, కొందరు దేశం పరువు పోయిందని బాధపడ్డారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో వార్త. డెన్మార్క్‌కే చెందిన ఆండర్స్ ఆంటన్సెన్, గాలి బాగోలేదని వరసగా మూడో ఏడాది కూడా ఢిల్లీకి రానన్నాడు. రానన్నందుకు ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య అతనికి 5,000 డాలర్ల జరిమానా వేసింది. గాలిని పాడు చేసినవాళ్లెవరూ పైసా కట్టలేదు. పీల్చనన్నవాడు కట్టాడు.

ఇంకొల్లు దగ్గర నాగండ్లలో పుట్టిన గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన దగ్గర్నుంచీ బ్యాడ్మింటన్ మనవాళ్లకు సొంత ఆట. అందుకే ఈ జరిమానా సంగతి మనం పట్టించుకోవాలి. అదే ఢిల్లీలో 2026 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్. 2030లో అహ్మదాబాద్‌లో కామన్వెల్త్ క్రీడలు. ఆపైన 2036 ఒలింపిక్స్ మీద ఆశ. టీవీ చర్చల్లో అందరూ అడిగేది ఒకటే, మనం రెడీయా అని. స్టేడియం ఎంతవరకు వచ్చింది, హోటల్ గదులు ఎన్ని, మెట్రో ఎప్పటికి పూర్తవుతుంది, ఈ లెక్కలే.

నా లెక్క వేరు. ఆట మొదలయ్యే ముందు బాధ్యత ఉన్న మనిషి ఒకరు ఒక అంకె చూసి "ఈరోజు వద్దు" అనగలిగితే ఆ ఊరు రెడీ. ఆ అంకె ఎంతో ముందే కాగితం మీద రాసి ఉండాలి. రోజూ జనానికి కనిపించాలి. అది దాటితే, మంత్రిగారు వచ్చి ముందు వరసలో కూర్చున్నా సరే, ఆట ఆగాలి. ఇవేవీ లేకుండా లక్ష సీట్ల స్టేడియం కట్టినా నేను రెడీ అనను.

పారిస్ చూడండి. 2024 ఒలింపిక్స్ కోసం సెన్ నదిని శుభ్రం చేయడానికి దాదాపు 140 కోట్ల యూరోలు పెట్టారు. మేయర్ స్వయంగా నదిలో దిగి ఈదారు. తీరా ప్రారంభోత్సవం రోజునే వాన మొదలైంది, మర్నాడూ కురిసింది, మురుగు నదిలోకి వచ్చింది. ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్ పోటీ నియమం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లలో, మురుగును పట్టిచ్చే ఈ-కోలి బ్యాక్టీరియా 1,000 దాటకూడదు. దాటింది. జులై 30న జరగాల్సిన పురుషుల పోటీని తెల్లవారుజామున ఆపేశారు. ప్రపంచమంతా చూస్తోంది, టికెట్లు అమ్ముడయ్యాయి, టీవీవాళ్లు కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు. అయినా ఆపారు. మర్నాడు నీళ్లు గీతలోపలికి వచ్చాక జరిపారు. పారిస్ పరువు పోయిందని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకైతే ఆ ఒలింపిక్స్ మొత్తంలో అంతకంటే గౌరవంగా కనిపించిన నిర్ణయం ఇంకోటి లేదు.

ఇక మన సంగతి. 2017 డిసెంబరులో ఢిల్లీ టెస్టులో శ్రీలంక ఫీల్డర్లు మాస్కులు పెట్టుకుని నిలబడ్డారు. ఆట ఆగింది, సాగింది, మళ్లీ ఆగింది. గాలి ఎంత చెడితే ఆపాలో అంపైర్లకు చెప్పే గీత అప్పుడు లేదు. చివరికి కోహ్లీ విసిగిపోయి 536 దగ్గర ఇన్నింగ్స్ డిక్లేర్ చేశాడు. అవతలివాళ్లు నాటకం ఆడుతున్నారని మనవాళ్లే వెక్కిరించారు. ఎనిమిదేళ్ల తర్వాత, మొన్న డిసెంబరు 17న లక్నోలో దక్షిణాఫ్రికాతో టీ20 టాస్ కూడా పడకుండా రద్దయింది. ఆ సాయంత్రం గాలి నాణ్యత సూచీ 400 దాటిందని వార్తలొచ్చాయి, హార్దిక్ పాండ్యా మాస్కు పెట్టుకుని వార్మప్ చేశాడు. రద్దుకు అధికారికంగా చెప్పిన కారణం మాత్రం పొగమంచు. బంతి కనబడకపోతే ఆపడానికి రూలుంది. అదే గాలి ఊపిరితిత్తుల్లోకి పోతుంటే ఏం చేయాలో ఎవరూ మాట్లాడలేదు. మంచు లేకుండా ఉత్త పొగే ఉండుంటే మ్యాచ్ జరిగేదని నా అనుమానం.

ఎండ సంగతీ ఇంతే, దానిమీద క్రీడాలోకం కాస్త ముందుగా మేలుకుంది. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలప్పుడు మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా 68 మంది బయల్దేరితే 28 మంది మధ్యలో ఆగిపోయారు. కొందరిని చక్రాల కుర్చీల్లో తీసుకెళ్లారు. అది చూసి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను 800 కిలోమీటర్ల అవతల సప్పోరోకు మార్చేసింది. టోక్యో గవర్నర్ ఒప్పుకోలేదు. ఆమె ఒప్పుకోవడంతో పని లేకుండానే మార్చారు. అదే టోక్యోలో టెన్నిస్‌ను మాత్రం మధ్యాహ్నపు ఎండలోనే ఆడించారు. నేను చచ్చిపోతే బాధ్యత ఎవరిదని రష్యా ఆటగాడు మెద్వెదెవ్ కోర్టులోనే అంపైర్‌ను అడిగాడు. మర్నాటి నుంచి ఆటలు మూడు గంటలకు మొదలయ్యాయి. ప్రపంచ స్థాయి ఆటగాడు, చుట్టూ కెమెరాలు ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. అందరికీ దొరకదు. ఆ విషయానికి వస్తాను.

ఇదంతా పడమటి దేశాలవాళ్ల అతి అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. 2016లో దోమలతో వ్యాపించే జికా వైరస్ భయంతో రియో ఒలింపిక్స్‌ను వాయిదా వేయమని 150 మందికి పైగా నిపుణులు ప్రపంచ ఆరోగ్య సంస్థకు లేఖ రాశారు. క్రీడలు జరిగాయి, వాటివల్ల జికా సోకినట్టు ఒక్క కేసూ నిర్ధారణ కాలేదు. ఆగస్టు అక్కడ చలికాలం, దోమలు తగ్గే రోజులు. ఢిల్లీ విషయంలోనూ ఆగస్టులో గాలి జనవరిలో ఉన్నట్టు ఉండదన్న మాట సరైనదే. పెద్ద ఆటలు వస్తేనే ఊరు బాగుపడుతుందన్నదీ వినదగ్గ వాదనే. 1923 నుంచి ఈత నిషేధించిన సెన్ నదిలో 2025 వేసవిలో మామూలు జనం ఈదారు. కానీ రియో కూడా గ్వానబారా అఖాతంలోకి వచ్చే మురుగులో 80 శాతం శుద్ధి చేస్తామని మాట ఇచ్చింది. అది నెరవేరలేదు, పడవ పోటీలు ఆ నీళ్లలోనే జరిగాయి. పారిస్‌లో గీత దాటితే పోటీ ఆగుతుందని అందరికీ తెలుసు. రియోలో ఆగదని తెలుసు. తేడా అంతా అక్కడే వచ్చింది.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల గురించి ఎక్కువ రాయను, గుర్తుచేసుకుంటేనే సిగ్గేస్తుంది. ప్రారంభానికి పన్నెండు రోజుల ముందు స్టేడియం పక్కన పాదచారుల వంతెన కూలింది. క్రీడాగ్రామంలో పరుపుల మీద కుక్క అడుగులు. ఊళ్లో డెంగీ. పరిశుభ్రత ప్రమాణాలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయని నిర్వాహక కమిటీ పెద్ద ఒకాయన సర్దిచెప్పబోయారు. ప్రమాణం రాసిపెట్టుకోనివాడు అంతకంటే ఏం చెప్పగలడు?

అలాగని మనవల్ల కాదని అనను. అవుతుందని చూపించింది అహ్మదాబాదే. 2010 మే నెలలో అక్కడ ఎండ 46.8 డిగ్రీలకు పోయింది. మామూలు మే నెలల కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత లెక్క తేలింది. ఆ దెబ్బకు 2013లో నగరపాలక సంస్థ ఎండలకు ఒక ప్రణాళిక రాసుకుంది, దక్షిణాసియాలో అదే మొదటిది. 41 డిగ్రీలు దాటితే పసుపు హెచ్చరిక, 43 దాటితే నారింజ, 45కు చేరితే ఎరుపు. ఏ రంగుకు ఎవరు ఏం చేయాలో ముందే రాసి ఉంది. ఆసుపత్రుల్లో ఐస్ ప్యాకులు ఎక్కడ పెట్టాలి, కూలీల పని వేళలు ఎప్పుడు మార్చాలి, ఎవరికి మెసేజ్ పంపాలి, అన్నీ. ఖర్చు పెద్దగా లేదు. అలాంటి ఊరు 2030 క్రీడలకు గాలి, నీరు, ఎండ మూడింటికీ ఆపే గీతలు ఇప్పుడే ప్రకటించొచ్చు. క్రీడల సమాఖ్యతో ఒప్పందంలోనే రాయించొచ్చు. ఆడనన్నవాడికి జరిమానా లేదని కూడా అందులో ఒక వాక్యం చేర్చొచ్చు.

ఇంతవరకు ఓపిగ్గా చదివిన నెల్లూరు, ఒంగోలు పాఠకులు అడగొచ్చు, మనకెందుకయ్యా అహ్మదాబాద్ గోల అని. నేను ఇదంతా రాస్తున్నదే మన కోసం. 2015 మేలో వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువమందిని పోగొట్టుకున్న జిల్లాల్లో ప్రకాశం ఒకటి. అయినా ఇవాళ్టికీ మన పేపర్లలో కనిపించేది ఉత్త థర్మామీటర్ అంకె. కనిగిరిలో 44 వేరు, నెల్లూరులో 38 వేరు. సముద్రం పక్కన ఉక్కపోతకు చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆ ఉక్కపోతనూ, నేరుగా పడే ఎండనూ, గాలినీ కలిపి చెప్పే వెట్ బల్బ్ గ్లోబ్ ఉష్ణోగ్రత అనే లెక్క ఉంది. అది 32 దాటితే ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో ఆటగాళ్లను చల్లబరచాలని ఫిఫా నియమం పెట్టుకుంది. దాన్ని కొలిచే పరికరం చేతిలో పట్టేంత ఉంటుంది. మన స్కూల్ గ్రౌండ్లలో ఎంతమంది పీఈటీల దగ్గర అది ఉంది?

కానిస్టేబుల్ ఉద్యోగాల ఈవెంట్స్, అంటే దేహదారుఢ్య పరీక్షల సంగతి చూడండి. ఉదయగిరి నుంచో మార్కాపురం నుంచో రాత్రి బస్సెక్కి వచ్చిన పిల్లవాడు, సరిగ్గా తినకుండా, నిద్ర లేకుండా 1,600 మీటర్లు పరిగెత్తాలి. కళ్లు తిరుగుతున్నా ఆగడు, ఆగితే ఉద్యోగం పోతుంది. మెద్వెదెవ్ అడిగిన ప్రశ్న వాడు అడగలేడు. 2024లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో గంటలో పది కిలోమీటర్లు పరిగెత్తించారు. పదిమందికి పైగా కుర్రాళ్లు చనిపోయాక గానీ ప్రభుత్వం పరుగును ఆపలేదు, అదీ మూడు రోజులు. చావుల అంకె తప్ప ఆపడానికి అక్కడ వేరే అంకె లేకపోయింది.

జనాల తొక్కిడిదీ ఇదే కథ. 2022 డిసెంబరు 28న కందుకూరులో రాజకీయ సభలో ఎనిమిది మంది చనిపోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర పదకొండు మంది. రెండు చోట్లా, ఇంతమంది వచ్చాక ఇక లోపలికి పంపొద్దు అన్న గీత గీసి, దాని దగ్గర నిలబడ్డ మనిషి లేడు. ఎవరి పార్టీ, ఎవరి జట్టు అని కొట్టుకోవడం మాత్రం నెలల తరబడి సాగింది.

మనకు అంతర్జాతీయ స్టేడియం ఎప్పుడొస్తుందో గానీ, లక్షల మందికి ఆతిథ్యం ఇచ్చే పని నెల్లూరు ఏటా చేస్తూనే ఉంది. రొట్టెల పండుగ. బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి జనం ఉద్యోగ రొట్టె, విద్యా రొట్టె, ఆరోగ్య రొట్టె మార్చుకుంటారు. వేరే రాష్ట్రాల నుంచీ వస్తారు. మెడికల్ క్యాంపులు పెడతారు, మంచినీళ్ల ప్యాకెట్లు పంచుతారు, పారిశుధ్య కార్మికులు రాత్రింబగళ్లు ఊడుస్తారు. ఆ కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఆరోగ్య రొట్టె కోసం దిగిన మనిషి మోకాలి లోతు నీళ్లలో ఏముందో ఆ మనిషికి చెప్పే బోర్డు గట్టు మీద ఉందా? స్నానం చేసే నీళ్లలో మల కోలీఫాం అనే బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 2,500 మించకూడదని కేంద్రం ఎప్పుడో గీత గీసింది. అంకె ఉంది. దాన్ని తెచ్చి చెరువు గట్టున రాయడమే మిగిలింది.

ఇంకో సంగతి ఎవరూ లెక్కేస్తున్నట్టు లేదు. పండుగ ముహర్రం నెలను బట్టి వస్తుంది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జులై మధ్యలో వచ్చింది, 2025లో జులై మొదటి వారంలో. ఈసారి జూన్ చివర్లో. 2029 నాటికి మే ఆఖరి వారానికి చేరుతుంది, అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెలో. అప్పుడు లక్షల మంది ముసలీ ముతకా, చంకన పిల్లలతో, నీడ లేని గట్టు మీద క్యూలో నిలబడతారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు పండుగ నడివేసవిలోనే ఉంటుంది. క్యాలెండర్ ముందే చెబుతున్న విషయం ఇది, హఠాత్తుగా వచ్చిపడేది కాదు. పందిళ్లు, షవర్లు, దర్శనం వేళలు, ఎంత ఉక్కపోత దాటితే మధ్యాహ్నం క్యూ ఆపాలి అన్న గీత, ఇవన్నీ కాస్త ఎండ తక్కువ ఉండే ఈ రెండు మూడేళ్లలో చేసి చూసుకోవాలి.

ఈసారికి నేను అడిగేది రెండే. చెరువు నీళ్ల అంకె, ఉక్కపోత అంకె రోజూ పొద్దున గట్టు మీద తెలుగులో, ఉర్దూలో రాయండి. గీత దాటితే ఆపమని సంతకం పెట్టే అధికారి ఎవరో పండుగకు ముందే పేరుతో ప్రకటించండి. నీళ్ల శాంపిల్ ఫలితం రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి, మొదటి సీసా పండుగకు ముందు రోజు పొద్దున్నే నింపాలి.