గ్లెన్ కెమెరా, చంద్రుడి ఫొటోల్లో ప్లస్ గుర్తులు

1962 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ అంతరిక్షంలోకి తీసుకెళ్లిన కెమెరాను నాసా ప్రత్యేకంగా తయారు చేయించిందని అంతరిక్ష కెమెరాల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. అది సరికాదు. మినోల్టా తయారుచేసి ఆన్స్కో ఆటోసెట్ పేరుతో అమ్మిన మామూలు 35 మి.మీ. కెమెరా అది. గ్లెన్ దాన్ని ఫ్లోరిడాలోని కోకో బీచ్‌లో ఒక షాపులో సుమారు 40 డాలర్లకు కొన్నాడు. ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద పడే వెలుగు మోతాదు) దానంతటదే సెట్ అవుతుంది, గ్లవ్స్ వేసుకున్న చేతికి అంతకన్నా ఏం కావాలి!

అసలు తెలివంతా మార్పుల్లో ఉంది. హెల్మెట్ అడ్డు కాబట్టి వ్యూఫైండర్‌కు కన్ను ఆనించలేరు. అందుకే కెమెరాను తలకిందులు చేసి, కింద పిస్టల్ పిడి, ట్రిగ్గర్ బిగించి, పైకి వచ్చిన అడుగుభాగం మీద వేరే వ్యూఫైండర్ పెట్టారు.

అదే ఏడాది అక్టోబరులో మరో వ్యోమగామి వాలీ షిర్రా హాసెల్‌బ్లాడ్ 500సి అనే కెమెరా తీసుకెళ్లాడు. నౌక కిటికీ అద్దంలో ప్రతిబింబం పడకుండా దానికి నల్లరంగు వేశారు.

ఇక చంద్రుడి మీద వాడిన హాసెల్‌బ్లాడ్ విషయం. ఫిల్మ్ ముందుండే గాజు పలక మీద 10 మి.మీ. దూరంలో 25 ప్లస్ గుర్తులు ఉంటాయి. ఫిల్మ్ సాగినా, వంగినా ఆ దూరాల్లో తేడా పట్టిస్తుంది. గాజుకు రాసుకుంటూ ఫిల్మ్ కదిలితే స్థిరవిద్యుత్ పుడుతుంది, నిప్పురవ్వ వస్తే ఫిల్మ్ మీద మచ్చ పడుతుంది. అందుకే పలకకు విద్యుత్ వాహక పూత వేశారు. ఆ వ్యాసం కింద కామెంట్లలో కొందరు "గుర్తులు వస్తువుల వెనక్కి వెళ్లాయి, ఫొటోలు నకిలీవి" అంటున్నారు. ఆ గీతల మందం 0.02 మి.మీ. మాత్రమే. తెల్లని స్పేస్‌సూట్ మీద ఎండ పడి ఓవర్‌ఎక్స్‌పోజ్ అయినచోట (వెలుగు మరీ ఎక్కువైనచోట) వెలుగు పక్కలకు పాకి సన్నగీతను మింగేస్తుంది. అదే గుర్తు నీడ ఉన్న భాగంలో స్పష్టంగా కనిపిస్తుంది, పెద్ద సైజు స్కాన్ తెరిచి చూడండి.