తీగ తెగితే 108కు దారేది?

అచ్చంపేట అడవి అంచు తండాలో అర్ధరాత్రి ఎవరికైనా గుండెనొప్పి వస్తే, ఇంటివాళ్లు మొదట వెతుక్కునేది బండిని కాదు, సిగ్నల్‌ను. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ పల్లెవాసుల నోట ఊతపదమైపోయింది. పోలీసులకు 100, అగ్నిమాపక శాఖకు 101, అన్నిటికీ కలిపి 112 ఉండనే ఉన్నాయి. అయితే ఈ నంబర్లన్నీ పనిచేసేది భూమిలోని కేబుల్, గుట్ట మీది టవర్, దాని కింద ఉండే బ్యాటరీల దయ మీదే. అంబులెన్సులు కొన్నప్పుడు జెండా ఊపే నేతలు, ఈ బ్యాటరీల సంగతి ఏనాడూ అడగరు.

ముప్పు అనగానే హ్యాకర్లు గుర్తుకు రావడం సహజమే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడికి గురై, రోజుల తరబడి చీటీలు చేత్తో రాయవలసి వచ్చింది. కానీ నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మన కళ్లెదుట తిరిగే శత్రువు జేసీబీ బకెట్టు. రోడ్డు వెడల్పు పేరుతో ఒకసారి, మంచినీటి పైపు కోసం మరోసారి తవ్వేవారికి కింద ఏముందో తెలియదు, అడిగి తెలుసుకునే అలవాటు అంతకన్నా లేదు. తవ్వకానికి ముందే కేబుల్ యజమానులకు సమాచారమిచ్చేందుకు కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్‌ను తెచ్చింది. పంచాయతీ పనులు చేసే చిన్న కాంట్రాక్టర్లలో దాని పేరు విన్నవారెందరో సందేహమే. బిల్లు చెల్లింపునకు ఆ సమాచారమిచ్చిన రుజువును తప్పనిసరి చేస్తే, యాప్ దానంతటదే వాడుకలోకి వస్తుంది.

వరద మరో శత్రువు. 2009 అక్టోబరులో తుంగభద్ర రాజోలిని ముంచెత్తినప్పుడు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో అక్కడి పెద్దలకు ఇప్పటికీ గుర్తే. నదీతీర మండలాల్లో ఆస్పత్రి, పోలీసు స్టేషన్ జనరేటర్లను ఆ వరద మట్టానికి పైన దిమ్మె కట్టి నిలపడం పెద్ద ఖర్చేమీ కాదు. నల్లమల లోపలి కష్టం వేరు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రంలో మంటలకు తొమ్మిది మంది బలయ్యారు; 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అడవిలోనూ భూగర్భంలోనూ సాగే సహాయక చర్యలకు మొబైల్‌ను నమ్ముకోలేం. వైర్‌లెస్ సెట్లు, శాటిలైట్ ఫోన్లు ముందే అక్కడ సిద్ధంగా ఉండాలి. వాటిని వాడటం వచ్చినవారు ప్రతి షిఫ్టులోనూ ఉండాలి.

కాగితం మీది ప్రణాళికలు ఎంత పనికొస్తాయో తెలుసుకునే మార్గం ఒక్కటే. కృష్ణమ్మకు వరద రాకముందే, ప్రత్యామ్నాయ ఏర్పాట్లు సిద్ధంగా ఉంచుకుని, ప్రతి జిల్లా కలెక్టర్ ఒక పూట కంట్రోల్ రూము కరెంటునూ ప్రధాన కేబుల్‌నూ ఆపి, అత్యవసర కాల్ ఎక్కడిదాకా వెళ్లిందో, ఎక్కడ ఆగిపోయిందో ప్రజల ముందు పెట్టాలి.